పోలీసు జట్టూ, ప్రజల ఆటా: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర గురించి

1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకున్నది హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు. అదే జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చుకుంది. 1954లో, 1957లో మళ్లీ తెచ్చుకుంది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే కొత్త పేరుతో మరోసారి మోహన్ బగాన్‌నే ఓడించి నాలుగోసారి గెలిచింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచిన భారత జట్లకూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకూ శిక్షకుడు ఈ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం.

ఇంత చరిత్ర ఉన్న సంస్థ గురించి మన సాంస్కృతిక చరిత్రకారులు ఏం రాశారని వెతికితే దొరికేది బహు స్వల్పం. పత్రికల ఆటల పేజీల్లో సంస్మరణ వ్యాసాలున్నాయి. వాటిలో గెలిచిన కప్పుల లెక్క ఉంటుంది, ఆటగాళ్ల పొగడ్త ఉంటుంది, చివర ఆ రోజులు మళ్లీ రావన్న నిట్టూర్పు ఉంటుంది. ఆ ఆటను ఎవరు ఆడారు, ఎవరి డబ్బుతో ఆడారు, ఏ భాషలో అరుచుకుంటూ ఆడారు, ఎందుకు ఆపేశారు అనే ప్రశ్నలు ఆ పేజీల్లో ఇమడవు. ఇమడవలసిన చోటు మనలాంటి పత్రికలు. కాని అభ్యుదయ విమర్శకులమైన మనం కూడా బుర్రకథకూ, ఒగ్గుకథకూ, చిందుభాగవతానికీ ఇచ్చిన శ్రద్ధలో నూరోవంతు కూడా ఈ ఆటకు ఇవ్వలేదు.

అందుకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, ఆ ఆటగాళ్లు వేసుకున్నది పోలీసు యూనిఫారం. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటాన్ని తన సాహిత్యానికి గుండెకాయగా భావించే ఉద్యమానికి పోలీసువాడి విజయగాథ మింగుడుపడదు. రెండోది, ఆ జట్టు మాట్లాడిన భాష. దక్కనీ ఉర్దూ, సికింద్రాబాదు తమిళం, కంటోన్మెంటు ఇంగ్లీషు అందులో వినిపించినంతగా తెలుగు వినిపించలేదు. మొదటి కారణం కొంత సమంజసమే, దాని సంగతి తరువాత చెప్తాను. రెండో కారణానికి మాత్రం సమర్థన లేదు.

మన దేశంలో ఫుట్‌బాల్ ఆవిర్భావం తెల్లవాడి పటాలాల్లో జరిగింది. సిమ్లాలో 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పూ, బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పూ మొదట సైనిక జట్ల కోసమే ఏర్పడ్డాయి. హైదరాబాదు రాజ్యంలో సికింద్రాబాదు, తిరుమలగిరి కంటోన్మెంట్లు ఆ ఆటకు పురిటిగదులు. సిపాయిల వెంట వచ్చిన వంటవాళ్లు, చాకలివాళ్లు, గుర్రాలకు మేతవేసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు — వీళ్ల పిల్లలు గీత అవతల నిలబడి బంతి అందించి, తరువాత గీత దాటి లోపలికి వచ్చారు. వీరిలో ఎక్కువమంది మద్రాసు రాష్ట్రం నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్లు. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, ధర్మలింగం కన్నన్ అనే పేర్లు ఆ వలస చరిత్రకు సాక్ష్యాలు. నగరం పాతబస్తీ వైపు ఈ ఆట ముస్లిం దిగువ మధ్యతరగతి గల్లీల్లో, మొహల్లా క్లబ్బుల్లో, ఉర్దూ మీడియం బడుల్లో వేళ్లూనుకుంది.

క్రికెట్‌తో పోల్చి చూస్తే వర్గ స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. హైదరాబాదులో 1930లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్పు క్రికెట్ పోటీల వెనక ఉన్నది నవాబుల ధనం, వారి ఆతిథ్యం. ఫుట్‌బాల్‌కు అటువంటి పోషకుడు దొరకలేదు. 1930ల చివరలో రూపుదిద్దుకున్న పోలీసు జట్టు ఆ లోటును తీర్చింది. ఆటగాడికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. నెల జీతం వచ్చింది. పొద్దునా సాయంత్రం సాధనకు వీలు దొరికింది. రెండుపూటలా తిండికి కటకటలాడే ఇంటినుంచి వచ్చిన కుర్రవాడికి ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. 1943లో ఈ జట్టు బెంగుళూరులో బ్రిటిష్ వైమానిక దళపు జట్టును ఓడించి ఆష్ గోల్డ్ కప్పు తెచ్చినప్పుడు హైదరాబాదు పేరు మొదటిసారి బయటి ఊళ్లలో వినిపించింది.

1943 మనకు మరో రకంగా కూడా గుర్తుండవలసిన సంవత్సరం. ఆ ఏడే తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ ఏడే హైదరాబాదులో ఒక స్కూలు మాస్టరు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత తీసుకున్నాడు. ఆయనే రహీం. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం ఏమీ లేదు. తెనాలిలో కూడిన రచయితలకు చాదర్‌ఘాట్ బడి మైదానంలో ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ తెలియకపోవడం తరువాత కూడా చాలాకాలం కొనసాగింది.

రహీం 1909లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివి, విశ్వవిద్యాలయం జట్టులో ఆడాడు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం నుంచి బయటికి వచ్చిన దిగువ మధ్యతరగతి విద్యావంతుల తొలి తరాల్లో ఆయన ఒకడు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలేసి ఉద్యమంలోకి వెళ్లిన మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఆ ఉస్మానియావాడే. మఖ్దూం దారి వేరు, రహీం దారి వేరు. రహీం బడి వదల్లేదు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, తరువాత ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూం హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశాడు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాడు. మా దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట మీదుగా వెళ్లి మూసీ వంతెన దాటితే ఆ చాదర్‌ఘాటే. ఆ దారిలో రోజూ వేలమంది మెట్రోలో, బస్సుల్లో పోతుంటారు. ఆసియాను రెండుసార్లు గెలిచిన పంతులు ఆ పక్కనే పిల్లలకు డ్రిల్లు చేయించాడని ఎంతమందికి తెలుసో చెప్పలేను.

ఇక అసలు ఘట్టం 1948. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగిన సైనిక చర్యతో నిజాం రాజ్యం ముగిసింది. రజాకార్ల దౌర్జన్యాల మీద మన సాహిత్యంలో కావలసినంత ఉంది. ఆ తరువాత మరాఠ్వాడా జిల్లాల్లో, కొన్ని తెలంగాణ, కన్నడ జిల్లాల్లో సాధారణ ముస్లింల మీద జరిగిన హింస గురించి చాలా తక్కువ ఉంది. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగి నివేదిక ఇస్తే, అది 2013 దాకా ప్రజలకు అందుబాటులోకి రాలేదు. ప్రభుత్వోద్యోగాల నుంచి ముస్లింలను పెద్ద సంఖ్యలో తొలగించారు. కొందరు పాకిస్తాన్ వెళ్లిపోయారు. పాత రాజ్యపు పోలీసు శాఖ అంటేనే అనుమానంగా చూసే రోజులవి. ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న ఆ శాఖ ఫుట్‌బాల్ జట్టు నిలవడం సందేహమే అని ఎవరైనా అనుకునేవారు.

సరిగ్గా ఆ డిసెంబర్ నెలలోనే ఐరిష్ నేల మీద ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు ఏం జరిగిందో చూస్తే మన సంగతి ఎంత విశేషమైనదో బోధపడుతుంది. బెల్‌ఫాస్ట్ నగరం ఐర్లండ్ ఉత్తర భాగంలో ఉంది. దేశవిభజన తరువాత ఆ భాగం బ్రిటన్ కిందనే ఉండిపోయింది. ఆ నగరంలో మతం అంటే రాజకీయం. బ్రిటన్‌తో ఉండాలనే ప్రొటెస్టెంట్లు ఒక వైపు, ఐర్లండ్‌తో కలవాలనే కాథలిక్కులు మరో వైపు. కాథలిక్ కార్మికులుండే ఫాల్స్ రోడ్డు ప్రాంతంలో 1891లో పుట్టిన క్లబ్బు బెల్‌ఫాస్ట్ సెల్టిక్. లీగ్ టైటిల్ 14 సార్లు గెలిచింది. ఆ జట్టులో ఆడటానికి మతంతో పనిలేదు, ప్రొటెస్టెంట్లూ ఆడేవారు. కాని ఊరు మాత్రం దాన్ని కాథలిక్కుల క్లబ్బుగానే చూసింది. 1948 డిసెంబర్ 27న లిన్‌ఫీల్డ్ జట్టుతో ఆ జట్టు మైదానంలోనే మ్యాచి జరిగింది. ఇద్దరూ చెరొక గోలు చేసి సమంగా ముగించారు. ఆట ముగియగానే గుంపు మైదానంలోకి దూకింది. సెల్టిక్ సెంటర్ ఫార్వర్డ్ జిమ్మీ జోన్స్‌ను గోడ మీదుగా ఈడ్చి కాలు విరగగొట్టారు. పోలీసులు కాపాడలేదని క్లబ్బు వారు బహిరంగంగా ఆరోపించారు. జిమ్మీ జోన్స్ స్వయంగా ప్రొటెస్టెంటు. కొట్టినవాళ్లకు ఆ తేడా పట్టలేదు. వాళ్లు చూసింది చొక్కా రంగునే.

ఆ సీజను చివర బెల్‌ఫాస్ట్ సెల్టిక్ లీగు నుంచి తప్పుకుంది. 1949 మే నెలలో అమెరికా పర్యటనకు వెళ్లి న్యూయార్కులో స్కాట్లండ్ జాతీయ జట్టును 2-0తో ఓడించింది. తన బతుకులో అంత పెద్ద గెలుపు సాధించిన క్లబ్బు ఆ తరువాత లీగులో అడుగు పెట్టలేదు. దాని మైదానంలో కొన్నేళ్లు కుక్కల పందేలు నడిచాయి. 1980లలో అక్కడ షాపింగ్ సెంటర్ కట్టారు.

మన హైదరాబాదులో ఇందుకు పూర్తిగా భిన్నమైనది జరిగింది. సైనిక చర్య జరిగి ఏడాదిన్నర గడవకముందే హైదరాబాదు జట్టు 1949-50 సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు చేరి కలకత్తాలో బెంగాల్ చేతిలో ఓడింది. మరుసటి ఏడు కూడా ఫైనల్‌లో బెంగాల్ చేతిలోనే ఓడింది. పోలీసు జట్టు 1950లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ గెలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్ వంటి ఆటగాళ్లు భారతదేశపు చొక్కా వేసుకున్నారు. రెండేళ్ల కింద శత్రురాజ్యపు పోలీసు అనిపించుకున్న పేరు బొంబాయి కూపరేజ్ మైదానంలో చప్పట్లు కొట్టించుకుంది. ఇది ప్రభుత్వపు ఔదార్యం వల్ల జరిగిందనడం అమాయకత్వం. గెలిచే జట్టు ఏ ప్రభుత్వానికైనా అవసరమే, కొత్త పాలకులకు ఇంకా అవసరం. కాని ఆ అవసరం సందు చేసిన చోట ఆటగాళ్లు తమ ఉద్యోగాన్నీ, తమ ఊరినీ, తమ గౌరవాన్నీ నిలబెట్టుకున్నారు. 1948 తరువాతి హైదరాబాదీ ముస్లిం జీవితం మీద మనం రాసే వ్యాసాల్లో ఓటమీ, భయమూ మాత్రమే కనిపిస్తాయి. అదే వీథుల్లో అదే సంవత్సరాల్లో ఈ గెలుపు కూడా ఉంది. దీన్ని వదిలేసి రాసిన చరిత్ర సగం చరిత్ర.

1950లో పోలీసు జట్టు శిక్షణ రహీం చేతికి వచ్చింది. 1963 జూన్ 11న కేన్సర్‌తో చనిపోయేదాకా ఆయన దాన్ని వదల్లేదు. ఆయన పద్ధతి గురించి చెప్పుకునేటప్పుడు అందరూ పద్మవ్యూహాల మాట ఎత్తుతారు. 4-2-4 అమరికను 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ప్రసిద్ధం చేయకముందే ఆయన ప్రయోగించాడంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆయన బడిపంతులుతనం. బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒంటరిగా చిత్రాలు చేయడం నిషిద్ధంగా, డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టేవాడు. కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నాలనే పోటీలు పెట్టేవాడు. తరగతిలో ఎప్పుడూ చెయ్యెత్తే పిల్లవాణ్ణి కాసేపు ఆపి, వెనక బెంచీవాడి చేత చెప్పించే ఉపాధ్యాయుడు చేసేది ఇదే. డ్రిబ్లింగ్ ఆపితే ఏమవుతుంది? బంతి వచ్చేలోపే ఎవరికి ఇవ్వాలో ఆలోచించాలి. బంతి లేనివాడు కూడా పరుగెత్తాలి. పక్కవాడు ఎక్కడున్నాడో తల ఎత్తి చూడాలి. పదకొండు మంది శ్రమ ఒక్కటై కదలడం అనేదాన్ని ఉపన్యాసం ద్వారా నేర్పడం ఎంత కష్టమో సంఘాల్లో పనిచేసే మనకు బాగా తెలుసు. ఆయన నియమం మార్చి నేర్పాడు.

ఆటగాళ్లను వెతకడంలో కూడా పంతులుతనమే. సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడ కుర్రవాడు బలరాం దగ్గర నగరంలోకి రావడానికి డబ్బు లేకపోతే సైకిలు అద్దెకు రహీం డబ్బిచ్చి పిలిపించుకున్నాడని చెప్పుకుంటారు. ఆ కుర్రవాడు 1956లో మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోళ్లు చేశాడు. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచిన జట్టులో ముందువరసలో ఉన్నాడు. ఆ ఫైనల్‌లో తంగరాజ్, యూసుఫ్ ఖాన్ కూడా ఆడారు. ముగ్గురూ మన నగరం మట్టిలో ఆట నేర్చినవాళ్లు.

2024లో రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 పరాజయం నుంచి జకార్తా విజయం దాకా ఒక్క మనిషి పట్టుదల కథగా దాన్ని నడిపారు. సినిమాకు ఆ హక్కు ఉంది. కాని చరిత్ర అలా నడవదు. రహీంకు ముందే ఆ జట్టు ఉంది. ఆయనకు ముందే వీథి క్లబ్బులున్నాయి. చెప్పుల్లేని కాళ్లతో మట్టిలో ఆడే వందలమంది పిల్లలున్నారు. ఆయన ఆ పంటను కోయడం తెలిసినవాడు, విత్తనం ఎంచడం తెలిసినవాడు. ఆయన పోయాక హైదరాబాదు ఫుట్‌బాల్ కూడా పోయింది అనే వ్యక్తిపూజ వాక్యాన్ని మనం ఒప్పుకోనవసరం లేదు. 1965-66లో, ఆయన చనిపోయిన తరువాతనే, ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. మహమ్మద్ హబీబ్, అక్బర్ సోదరులు, ఆ తరువాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వచ్చారు. మరి క్షీణత ఎలా వచ్చింది?

ఇక్కడ పోలీసు ప్రశ్న దగ్గరికి రావాలి. పోలీసు జట్టును ప్రజల జట్టు అనవచ్చునా? రాజ్యం చేతిలోని లాఠీ పట్టుకున్నవాడు ఆదివారం బంతి తన్నితే ప్రజల మనిషి అవుతాడా? మన సంఘం మిత్రులు కొందరు ఈ మాట అడిగారు. 1946-51లో పల్లెల మీద పడ్డ పోలీసుల్ని, 1969 తెలంగాణ ఉద్యమంలో కాల్పులు జరిపిన పోలీసుల్ని మరచిపోయి కప్పులు లెక్కపెట్టడం నాకూ ఇష్టం లేదు. అయితే శాఖ వేరు, శాఖలో కానిస్టేబుల్ వేరు. జీతం కోసం యూనిఫారంలో చేరిన రైతుబిడ్డనూ చేతివృత్తులవాడి బిడ్డనూ మన కథకులు సానుభూతితో చిత్రించిన సందర్భాలు లేకపోలేదు. ఫుట్‌బాల్ ఆటగాడు అటువంటివాడే. అతని ఆట అతని శ్రమ. దాని పేరు, దాని కప్పు శాఖవి. ఈ వైరుధ్యమే జట్టును నిలబెట్టింది, ఈ వైరుధ్యమే జట్టును కూల్చింది.

ఎలాగంటే, ఈ జట్టుకు సభ్యులు లేరు. చందాదారులు లేరు. ఏటా ఎన్నికయ్యే కార్యవర్గం లేదు. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సభ్యుల సంస్థలు. వాటి లోపాలు వాటికున్నాయి, వాటిలో పెద్దమనుషుల పెత్తనమూ ఉంది. కాని ఆట నిలిచిపోతే వీథిలోకి వచ్చి అడిగే జనం వాటికి ఉన్నారు. హైదరాబాదు పోలీసు జట్టుకు చప్పట్లు కొట్టే జనం వేలల్లో ఉన్నా, అడిగే హక్కున్నవాడు ఒక్కడూ లేడు. అధికారికి ఆట మీద మక్కువ ఉన్నంతకాలం కొత్త ఆటగాణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నారు. మక్కువ లేని అధికారి వచ్చినప్పుడు, నియామకాల నియమాలు బిగిసినప్పుడు జట్టుకు వయసు మీదపడింది. కప్పు పోగొట్టుకున్న జట్టును ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ కాపాడలేదు. బెల్‌ఫాస్ట్ సెల్టిక్ చావుకు తేదీ ఉంది. మన జట్టు క్షీణతకు తేదీ చెప్పలేం.

జీతం కూడా ఒక కారణమే. కానిస్టేబుల్ జీతం ఇంటిని నిలబెట్టగలదు గాని కలకత్తా క్లబ్బుల పిలుపును ఆపలేదు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. హబీబ్ 1966లో అదే క్లబ్బుకు వెళ్లాడు. హబీబ్ ఉద్యోగాల ఆశ చూపినవాళ్లను కాదని ఆటనే వృత్తిగా చేసుకున్నాడు. 1977 సెప్టెంబర్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు చేశాడు. బలరాం బెంగాల్‌లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాదులో చనిపోయాడు. బలరాంను బెంగాలీలు తమవాడన్నారు. తమిళులు అతని తల్లిదండ్రుల ఊరు చెప్పి తమవాడన్నారు. అతని గురించి తెలుగువాళ్లం ఏమన్నాం? మన ‘తెలుగుజాతి క్రీడాకారుల’ జాబితాల్లో కోడి రామమూర్తికి దొరికిన పీట అమ్ముగూడ బలరాంకు దొరకలేదు. ఇంట్లో తమిళమో ఉర్దూయో మాట్లాడి, వీథిలో తెలుగు విని, ఈ నేల మట్టిలో పెరిగినవాడు ఎవరి మనిషి అనే ప్రశ్నకు మన భాషాభిమానం ఇచ్చిన సమాధానం మౌనం. 1956 నవంబర్ 1న భాష ప్రాతిపదిక మీద రాష్ట్రం ఏర్పడ్డాక ఈ మౌనం ఇంకా గట్టిపడిందని నా అభిప్రాయం. ఇందులో ఒక విచిత్రం చూడండి. హైదరాబాదు రాష్ట్రం పటం మీద నుంచి తొలగిపోయాక, హైదరాబాదు అనే పేరుతోనే జట్టు 1956-57లో తిరువనంతపురంలోనూ, 1957-58లో సొంత ఊళ్లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రెండుసార్లూ ఓడింది బొంబాయి.

మైదానాల సంగతి చెప్పకుండా ఈ చరిత్ర ముగియదు. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం విడిదిచేసిన స్థలం ఫతే మైదాన్. 1955లో అక్కడ న్యూజిలండ్‌తో టెస్టు మ్యాచి జరిగింది. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. మా ఎల్.బి.నగర్ పేరులో ఉన్నదీ ఆ లాల్ బహదూరే. కాని ఇక్కడ లాల్ బహదూర్ పేరు స్టేడియం మీద లేదు, చౌరస్తా మీద ఉంది. సరూర్‌నగర్, కొత్తపేట, కర్మన్‌ఘాట్, నాగోలు, మన్సూరాబాదు అనే ఊళ్లు కలిసి మునిసిపాలిటీగా మారి, 2007లో మహానగరంలో కలిసిపోయాయి. ఆ క్రమంలో పొలం లే అవుటైంది, లే అవుటు కాలనీ అయింది, కాలనీలో పార్కుకని వదిలిన జాగా చాలాచోట్ల తగాదా అయింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ పేరుపడింది. జిల్లాల నుంచి వచ్చిన పదిహేనూ, పదహారేళ్ల పిల్లలు నాలుగంతస్తుల అపార్టుమెంటునే కాలేజీగా భావించి చదువుకుంటారు. రహీం ఆటగాళ్లను ఏరుకున్న వయసు సరిగ్గా అదే. సరూర్‌నగర్‌లో స్టేడియం ఉంది గాని, పొద్దున ఏడింటికి క్లాసు మొదలై రాత్రి తొమ్మిదింటికి స్టడీ అవర్ ముగిసే పిల్లవాడికి అది ఉన్నా లేనట్టే. ఇప్పుడు కొత్తగా మేడల మీదా ఖాళీ ప్లాట్లలోనూ వలలు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరచి, గంటకింత అని అద్దె తీసుకునే ‘టర్ఫ్’లు వెలిశాయి. డబ్బు పోగేసుకున్న పదిమంది గంటసేపు ఆడి వెళ్లిపోతారు. గీత అవతల నిలబడి బంతి అందించే పిల్లవాడికి అక్కడ చోటు లేదు. వల కట్టి ఉంటుంది.

గోషామహల్ పోలీసు స్టేడియం స్థలంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. బీదవాళ్లు వెళ్లే ఆసుపత్రి అది. పాత భవనం స్థితి చూసినవారెవరూ కొత్తది వద్దనరు, నేనూ అనను. కాని షాపింగ్ మాలుకూ, విల్లాలకూ, ఐటీ టవర్లకూ ఎక్కడెక్కడో వందల ఎకరాలు దొరికే నగరంలో, బీదవాడి ఆసుపత్రికి చోటు కావలసి వచ్చేసరికి బీదవాడి ఆటస్థలమే ఎందుకు కనిపిస్తుందని అడగడం తప్పు కాదు. బెల్‌ఫాస్ట్‌లో సెల్టిక్ మైదానం మీద కట్టిన షాపింగ్ సెంటర్లోనే పాత అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి చిన్న మ్యూజియం పెట్టుకున్నారు. ఐదేళ్లు వరసగా రోవర్స్ కప్పు గెలిచిన జట్టు పేరు చెప్పే బోర్డు ఒక్కటి కూడా నేను హైదరాబాదులో చూడలేదు.

2019లో హైదరాబాదు పేరుతో మళ్లీ ఒక పెద్ద జట్టు వచ్చింది. పూణేలో మూతపడ్డ క్లబ్బు స్థానంలో ఇండియన్ సూపర్ లీగులోకి ప్రవేశించిన హైదరాబాద్ ఎఫ్.సి. అది. యజమానులున్న కంపెనీ జట్టు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగు ఛాంపియన్ అయింది. మా బడి పిల్లలు కొందరు ఆ పసుపు చొక్కాలు కొనుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి ఆటగాళ్ల జీతాల బకాయిల వివాదాలు బయటపడ్డాయి. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. పోలీసు శాఖకు కనీసం ఊరు వదిలి వెళ్లే వీలు లేదు. కంపెనీకి ఆ చిక్కు కూడా లేదు. పిల్లల దగ్గర చొక్కాలు మిగిలాయి.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాదులోనే, గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. మా ఎల్.బి.నగర్ వైపు నుంచి అది నగరానికి అవతలి కొస. సొంత రాష్ట్రపు జట్టు ఫైనల్‌కు రాలేదు. చివరి నిమిషాల్లో పడ్డ ఒక్క గోలుతో బెంగాల్ కేరళను ఓడించింది.